వాగు కోరలు

అన్నా,

ఇయ్యాల నీ సంవత్సరీకం. పొద్దుగాల నీ కెమెరా పట్టుకొని దుమ్ముగూడెం అవతల నిన్ను మింగిన వాగుకాడికే పోయిన.

నువ్వెప్పుడూ ఈ వాగు ఫోటో తీసేటప్పుడు షట్టర్ రెండు సెకన్లు తెరిచి పెట్టేటోనివి. నీళ్లు పాల లెక్క మెత్తగ వచ్చేటియి. స్టూడియోల ఆ ఫోటో చూసి పెళ్లి జంటలన్నీ అక్కడికే తీస్కపొమ్మనేటోళ్లు. ఆ మెత్తదనాన్ని నువ్వు గూడ నమ్మినవ్. నిరుడు వానల్ల ట్రైపాడ్ పట్టుకొని దిగినవ్.

నేను సెకనుల రెండువేలో వంతే తెరిచిన. ఒక్కో చుక్క మేకు లెక్క నిలబడ్డది. సుడి, దాని నడుమ నల్ల బండ, అన్నీ దొరికినయి.

స్టూడియోల నువ్వు తీసిన ఫోటో దించి ఇది పెట్టిన. సాయంత్రం వచ్చిన పెళ్లిపిల్ల చూసి, "అమ్మో, అక్కడికొద్దక్కా" అన్నది.

ఇగ ఆకలికి మాడి సావనీ ఆ వాగును.