దారం అయిపోయింది

బుధవారం, మధ్యాహ్నం

వదినా,

ఈ ఉత్తరం అన్నయ్యకి చూపించకు. చూపిస్తే ముందు కళ్ళజోడు తుడుచుకుంటాడు, తర్వాత డాక్టరుకి ఫోను చేస్తాడు, ఆ పైన రెండు రోజులు అన్నం మానేస్తాడు. నువ్వొక్కదానివే చదువు. ఫోనులోనే చెబుదామని నాలుగుసార్లు నంబరు నొక్కాను. నాలుగుసార్లూ నువ్వు "ఎలా ఉన్నావే సూదిపిల్లా" అన్నావు, నేను "దివ్యంగా ఉన్నాను" అన్నాను, అక్కడితో సరి. నోటికి రాని మాటలు కొన్ని చేతికి వస్తాయేమోనని కాగితం పట్టుకున్నాను.

ముందు మంచి కబురు చెబుతాను, లేకపోతే కంగారు పడతావు. గడ్డ జాడ ఎక్కడా లేదని మొన్నటి స్కానింగులో తేలింది. డాక్టరమ్మ ఆ ఫిల్ము వెలుతురుకి పెట్టి చూస్తూ "మీరు బతికి బట్టకట్టారమ్మా" అన్నారు. నిజమే కదా. జానెడున్నర పెద్దపేగు కోసి పారేసి, ఆ కొసా ఈ కొసా కలిపి కుట్టి, అది మానేదాకా మూడు నెలలు పొట్టకి సంచీ తగిలించి, తర్వాత ఆ సంచీ తీసేసి, నన్ను నా కాళ్ళ మీద ఇంటికి పంపించారు. ముప్పై ఏళ్ళుగా కుట్టుపని చేస్తున్నదాన్ని కాబట్టి చెబుతున్నాను, ఆవిడ కుట్టులో వంక పెట్టడానికి లేదు. ఆవిడ చేతులకి దణ్ణం పెట్టాను. ముక్కు చిట్లించకుండా నాకు సంచీ మార్చడం నేర్పిన నర్సమ్మ చేతులకి ఇంకా ఎక్కువసేపు పెట్టాను. ఆ రోజులు తలుచుకుంటే ఎంతమందికి రుణపడి ఉన్నానో అనిపిస్తుంది.

బతికి బట్టకట్టాను వదినా. బతికి బట్ట కుట్టడమే కుదరడం లేదు.

మిగిలిన పేగుకి ఇంకా పని తెలియదట. "ఏది ఎంతసేపు ఆపుకోవాలో దానికి తెలీదమ్మా, వచ్చింది వచ్చినట్టు తోసేస్తుంది. ఏడాది ఓపిక పట్టండి, నేర్చుకుంటుంది" అంది నర్సమ్మ. ప్రస్తుతానికి నేర్చుకునే లక్షణాలేమీ కనబడటం లేదు. రోజుకి ఎనిమిదిసార్లు, తొమ్మిదిసార్లు. వేళాపాళా లేకుండా కబురొస్తుంది, వచ్చిందంటే రెండు నిమిషాలు ఆగదు. మా ఆయన రైల్వే స్టేషనులో టికెట్లిచ్చే మనిషి కదా, నా కడుపుకి కూడా ఒక టైంటేబుల్ పుస్తకం పెట్టాడు. "పచ్చి ఉల్లిపాయ, నలభై నిమిషాలు, ఎక్స్‌ప్రెస్. ఉడికించిన బంగాళాదుంప, ప్యాసింజరు. పాలు, ప్రమాదం." మెత్తటి అన్నం రోజుకి ఆరుసార్లు, పిడికెడు చొప్పున, ముద్ద ముద్దకీ ముప్పైసార్లు నమలాలి, తినేటప్పుడు నీళ్ళు తాగకూడదు. నా పక్కన కూర్చుని తనూ అదే చప్పిడి మెతుకులు తింటున్నాడు. వద్దంటే "నాకూ ఇదే ఇష్టం" అంటాడు. పచ్చి అబద్ధం. కానీ ఆ అబద్ధం విన్నప్పుడల్లా నాకు ఇంకో ముద్ద ఎక్కువ దిగుతుంది.

ఇంట్లో ఫరవాలేదు. కొట్లో కష్టం. నా కొట్టు సంగతి నీకు తెలుసు, మిషను, బల్ల, అద్దం, నేను. ఐదో వస్తువుకి చోటు లేదు. పక్కనే గడియారాల మేస్త్రి కొట్టుంది, దాని వెనకాల మరుగుదొడ్డి ఉంది. నేను మళ్ళీ కొట్టు తెరిచిన రోజు ఆయన ఏమీ అడగకుండా వచ్చి, నా మిషను పక్కన మేకుకి ఒక తాళంచెవి తగిలించి, "ఉంచండి" అని వెళ్ళిపోయాడు. నా మిషను దగ్గర్నుంచి ఆ తలుపుకి ఇరవై ఒక్క అడుగులు. ఎదురుగా ఉన్నవాళ్ళకి ఏదో ఒకటి చెప్పాలి కదా. "దారం అయిపోయింది, ఇప్పుడే వస్తా" అని మొదటిరోజు నోటికొచ్చింది. అదే ఖాయమైపోయింది.

ఇక అసలు సంగతి. పోయిన మంగళవారం లెక్కల మేడం కోటు కొలత చూస్తున్నాను. ఆవిడ చేతులు చాపి నిలబడింది, కోటు నిండా గుండుసూదులు గుచ్చాను, ఇంకో నాలుగు నా పళ్ళ మధ్య ఉన్నాయి. కబురొచ్చింది. సూదులు తీసి, చెప్పి, తాళంచెవి అందుకునేసరికి ఆలస్యమైపోతుందని తెలుసు. అయినా ఈ ఒక్క భుజం పూర్తిచేద్దామని మర్యాదకి పోయాను. అయిపోయింది వదినా. యాభై రెండేళ్ళదాన్ని, నా కొట్లో, నా అద్దం ముందు. ఏం చెయ్యాలో తోచక ఇస్త్రీకి చల్లే నీళ్ళ మగ్గు నా మీద ఒంపేసుకున్నాను. "అయ్యో, చెయ్యి తగిలింది" అన్నాను. ఆవిడ మారు మాట్లాడకుండా గుండుసూదుల కోటుతోనే వెళ్ళిపోయింది. ఇప్పటిదాకా మళ్ళీ రాలేదు.

మా ఆయనకి కూడా ఈ ముక్క చెప్పలేదు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు, నాది నేను చించుకోకుండానే పడింది. ఒక్కరికి తెలిస్తే చాలు, ఆవిడ కుట్టిన బట్ట వాసన చూసి వేసుకోవాలంటారు. అందుకని నిర్ణయం తీసుకున్నాను. ఒప్పుకున్న బట్టలన్నీ కుట్టిచ్చేసి నెలాఖరుకి కొట్టు మూసేస్తాను. మిషను నీది. నాకు పన్నెండేళ్ళప్పుడు దాన్ని పట్టుకుని మా ఇంటికి కోడలుగా వచ్చావు. నా వేళ్ళ మీద నీ వేళ్ళుంచి కుట్టు నేర్పావు. నేను కొట్టు పెట్టుకుంటానన్నప్పుడు "ఇది నీ చేతిలోనే బాగా మాట్లాడుతుంది" అని ఇచ్చేశావు. దాన్ని ఇంట్లో ఓ మూల పెట్టుకుని చూస్తూ కూర్చోలేను. అన్నయ్యని ఒక వ్యాను మాట్లాడుకుని రమ్మను.

నువ్వు రావద్దులే. నన్ను కోసినప్పుడే మోకాళ్ళ నొప్పులని రాలేదు, ఇనప సామాను కోసం వస్తావా? ఈ మాట రాయకూడదనుకున్నాను. రాసేశాను. కొట్టేస్తే కాగితం పాడవుతుంది, ఉండనీ.

నీ
సూదిపిల్ల

*

సోమవారం, కొట్లోంచి

వదినా,

వ్యాను పంపించకు. అన్నయ్య ఇప్పటికే మాట్లాడి ఉంటే వద్దని చెప్పు. నువ్వు నా ఉత్తరానికి జవాబు రాయలేదు, నాకు తగిన శాస్తే. అయినా ఇది చదువు.

నేను ఒప్పుకున్న బట్టలు తెముల్చుకుంటూ కూర్చున్నాను. ఒకరోజు ట్రాఫిక్ కానిస్టేబుల్ యూనిఫాం కోసం వచ్చి, జేబులోంచి ఖాకీ దారం రీలు తీసి బల్ల మీద పెట్టాడు. "నేనొచ్చిన మూడుసార్లూ మీకు దారం అయిపోయింది గదమ్మా. ఈ రంగు దొరకట్లేదేమోనని పట్టుకొచ్చా." మర్నాడు పండ్లకొట్టావిడ తెల్లదారం తెచ్చింది. "ఆ చివర కొట్లో బోలెడుంది, నువ్వు అస్తమానం ఎటో పరిగెడతావేంటమ్మా? నన్నడగొచ్చుగా" అని కేకలేసింది. ఆ తర్వాత నీలం, బూడిద రంగు, మెరూను. పది రోజుల్లో పదకొండు రీళ్ళు. నా వెనకాల గోడ నిండా రీళ్ళే వేలాడుతుంటాయి, ఒక్కరూ తలెత్తి చూసిన పాపాన పోలేదు. వాళ్ళు వెళ్ళాక నవ్వాను, నవ్వుతూనే ఏడ్చాను. ఇంత మంచివాళ్ళకి రోజూ అబద్ధం చెప్పి, పైగా చెప్పాపెట్టకుండా కొట్టు మూసేసి పోదామనుకున్నాను చూడు.

మొన్న గురువారం లెక్కల మేడం వచ్చింది. అదే కోటు, అవే గుండుసూదులు, ఒక్కటి కూడా ఊడలేదు. బల్ల మీద పెట్టి నా గోడకేసి చూసింది.

"నూట నాలుగు" అంది.

"ఏంటండీ?"

"రీళ్ళు. ఆవేళ మీరు చేతులు చాపి నించోమన్నారు కదా, ఇంకేం చెయ్యను, లెక్కపెట్టాను. నూట నాలుగు రీళ్ళున్న మనిషికి రోజూ దారం ఎలా అయిపోతుందండీ?"

ఇక దాచడానికేం మిగల్లేదు. స్టూలు మీద కూలబడి మొత్తం చెప్పేశాను, ఆపరేషను, సంచీ, ఎనిమిదిసార్లు, ఇరవై ఒక్క అడుగులు, ఆ మంగళవారం. ఆ నీళ్ళు చెయ్యి తగిలి పడినవి కావని కూడా చెప్పాను. ఆవిడ కళ్ళజోడు తీసింది.

"లెక్కలకి మారకముందు పదేళ్ళు ఒకటో తరగతికి చెప్పాను నేను. అక్కడా అంతే. పాపం, పిల్లలు వాటర్ బాటిల్ ఒలికిందనే చెబుతారు. నాకా మీరు చెప్పేది?" అంది. తర్వాత గొంతు తగ్గించి, "అడిగితే మీరు సిగ్గుపడతారని వెళ్ళిపోయాను. వెళ్ళిపోతే ఇంకా సిగ్గుపడతారని ఇంటికెళ్ళాక తట్టింది. అప్పట్నుంచీ రావడానికి నాకు మొహం చెల్లలేదు" అంది.

"వేరే టైలరు దగ్గరికి వెళ్ళకపోయారా?"

"వెళ్ళాను. ఈ సూదులు పెట్టినావిడే కుట్టాలి, నేను ముట్టుకోను, ఇంత బాగా కుదిరింది అన్నాడు. చలి మొదలవుతోంది. నాకు కోటు కావాలి."

భుజం దగ్గర మొదలుపెట్టాను. సగంలో కబురొచ్చింది. నేనింకా నోరు తెరవలేదు, ఆవిడే అరచెయ్యి చాపి, "సూదులు ఇలా ఇచ్చి వెళ్ళండి. దారం తెచ్చుకోండి" అంది. ఇరవై ఒక్క అడుగులూ నవ్వుకుంటూ వెళ్ళాను. అలా నవ్వుకుంటూ వెళ్ళడం అదే మొదటిసారి.

మర్నాడు రీలు తెచ్చిన వాళ్ళందరికీ నిజం చెప్పాను. పండ్లకొట్టావిడ "ఇంతేనా, నేనింకా నువ్వు దివాలా తీశావనుకున్నా" అని, పండిన అరటిపళ్ళు ఏరి పక్కన పెట్టడం మొదలుపెట్టింది. కానిస్టేబుల్ మాత్రం కాసేపు టోపీ తిప్పుకుంటూ నిలబడి, "ఆ తాళంచెవి నాకూ ఒకసారి ఇస్తారామ్మా? కూడలిలో నాలుగేసి గంటలు నిలబడతాను. అందుకే పొద్దున్నుంచీ మంచినీళ్ళు కూడా తాగను" అన్నాడు. మేస్త్రిని అడిగాను. ఆయన కంటికున్న అద్దం తీయకుండానే తలూపాడు. సాయంత్రానికి తన గుమ్మం పక్కన ఇంకో మేకు కొట్టి ఇంకో తాళంచెవి తగిలించాడు. ఇప్పుడు నెలలు నిండిన మందులషాపు అమ్మాయి, ఉత్తరాలాయన, అందరూ గుమ్మంలోంచి "మేస్త్రీ, దారం అయిపోయింది" అంటున్నారు. వీధంతా అదే మాట. నా దారం అబద్ధం ఇంతమందికి పనికొస్తుందనుకోలేదు.

నా పేగు కూడా కాస్త బుద్ధి తెచ్చుకుంది. ఐదారుసార్లకి దిగింది, మంచి రోజైతే నాలుగు. నర్సమ్మ నేర్పిన కసరత్తు కుర్చీలో కూర్చునే చేస్తున్నాను. కింది కండరాలని ముడి వేసినట్టు బిగించి, పదంకెలు పట్టి వదలాలి. మునుపటిలా ఎప్పటికీ కాదని ఆవిడ ముందే చెప్పింది. కాకపోతే ఏం, విప్పి సరిచేసిన బట్ట కూడా ఒంటికి బాగానే కుదురుతుంది.

ఇక ఒకటే మిగిలింది. నిజం చెప్పడం రుచి మరిగాను కాబట్టి అడిగేస్తున్నాను. ఆపరేషను రోజు కళ్ళు తెరిచి అన్నయ్య వెనకాల నీకోసం వెతికాను. ఆ మూడు నెలలూ పొట్ట మీద సంచీ కంటే ఆ సంగతే బరువుగా మోశాను. ఎందుకు రాలేదు వదినా? మోకాళ్ళని మాత్రం అనకు. నువ్వు రోజూ బట్టలారేయడానికి మేడెక్కుతున్నావని అన్నయ్య నోరు జారాడు.

నీ
సూదిపిల్ల

*

శనివారం

సూదిపిల్లా,

మొదటి ఉత్తరానికి జవాబు నాలుగుసార్లు రాసి చించాను. రెండోది వచ్చాక చించడం మానేశాను.

నా మోకాళ్ళు నిక్షేపంలా ఉన్నాయి. వాటి మీద వేసిన నింద వెనక్కి తీసుకుంటున్నాను. మూడో కాన్పు నుంచీ నాకు ఆగదే. నీకు పెద్దది, నాకు చిన్నది. దగ్గినా, తుమ్మినా, పకపకా నవ్వినా అంతే. నేను నోటికి చెయ్యడ్డం పెట్టుకుని ఎంత పొదుపుగా నవ్వుతానో చూసి, వదినకి గర్వమని మీ వాళ్ళంతా అనుకునేవారు. ఇరవై ఆరేళ్ళయింది. మేడ మీద ఆరేసేవి ఏ బట్టలో ఇప్పుడు నీకు అర్థమై ఉంటుంది. మీ అన్నయ్యకి నిన్నటిదాకా తెలియదు. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు కదా, పూర్తి మొగుడికే చెప్పనిది సగం మొగుడికేం చెబుతాను!

నీ ఆపరేషనుకి బయల్దేరానే. బ్యాగు సర్దుకుని మీ అన్నయ్య పక్కన బస్సెక్కి కూర్చున్నాను. ఆరు గంటల ప్రయాణం, ఊరు దాటితే మధ్యలో ఒక్కచోటే ఆపుతాడు. ఊరు దాటకముందే తెలిసిపోయింది నావల్ల కాదని. మోకాలు పట్టేసిందని చెప్పి రెండో స్టాపులో దిగిపోయాను. రైల్లో అయితే ఆ గది ఉంటుంది, రావచ్చు. కానీ ఆరు గంటల బస్సుండగా చుట్టూ తిరిగొచ్చే తొమ్మిది గంటల రైలెందుకని అడుగుతారు. ఆ ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పలేక, నువ్వు కత్తి కింద ఉన్నప్పుడు నేను ఇంట్లో కూర్చుని ఏడ్చాను. సోదికెళ్తే పాత రంకులు బయటపడ్డట్టు, నువ్వు ఏదో అడిగితే నాదంతా బయటపడింది. నువ్వు నీళ్ళ మగ్గు సంగతి రాయకపోయి ఉంటే ఇది నాతోనే పోయేది. నన్ను క్షమించు, నాకు చెప్పినందుకు నువ్వు నూరేళ్ళు బతుకు.

నిన్న మీ అన్నయ్యకి చెప్పేశాను. కళ్ళజోడు తుడుచుకున్నాడు. ఇప్పుడు డాక్టరు దగ్గర నాకు టోకెను తీసుకోడానికి వెళ్ళాడు.

ఆ కసరత్తు వివరంగా రాయకు, వచ్చి నేర్చుకుంటాను. మీ ఆయనతో చెప్పి వచ్చే శుక్రవారం రైలుకి టికెట్టు తీయించు. పెట్టె చివర, ఆ గది పక్క సీటే కావాలని చెప్పు, సిగ్గుపడకు, నేనూ పడటం లేదు. నేను వచ్చేది మిషను కోసం కాదు, నీ కోసం. దారం ఏమీ తీసుకురాను, నా లెక్క ప్రకారం నీ దగ్గర నూట పదిహేను రీళ్ళున్నాయి.

స్టేషను నుంచి తిన్నగా కొట్టుకే వస్తాను. మేస్త్రిగారికి ముందే చెప్పి ఉంచు, మా వదిన వస్తోంది, ఆవిడకీ దారం అయిపోతూ ఉంటుందని.

నీ
వదిన