కుట్టుమిషను చప్పుడుకి ‘లవ్ ఎక్స్‌ప్రెస్’ అని పేరట!

బెంగుళూరు,
ఆదివారం.

అక్కకి,

శైలు నమస్కారాలు. నేనిక్కడ ఒంట్లో బాగానే ఉన్నాను. నువ్వూ, బావగారూ, పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. మీ అత్తగారి మోకాళ్ల నొప్పి తగ్గిందా? గంపలగూడెం బడికి ఇంకా షేర్ ఆటోలోనే వెళ్తున్నావా? డ్రైవరు పక్కన అంచు మీద మాత్రం కూర్చోకు. వెనక చోటున్న ఆటో వచ్చేదాకా ఆగు, ఆలస్యమైతే అవనీ.

మొన్న ఫోన్లో “ఉద్యోగం పోయింది” అన్న ఒక్క మాటే నీకు చేరింది. మిగతాది చెప్పేలోపే బావగారు అందుకుని, “ఎందుకమ్మా గొడవలు? ఓ సారీ చెప్పేసి మళ్లీ చేరిపో” అని పెట్టేశారు. నేనేం చేశానని సారీ చెప్పాలి? ఆ మిగతాదే ఈ ఉత్తరం. ముందు నువ్వు పూర్తిగా చదువు, తర్వాత ఆయనకివ్వు.

ఇక్కడ సాయంత్రమైతే చినుకులు. హాస్టల్లో సాంబారులో బెల్లం వేస్తారు, ఇప్పటికీ అలవాటు కాలేదు. వచ్చిన కొత్తలో ఆఫీసు నుంచి వచ్చాక మాట్లాడటానికి ఎవరూ ఉండేవారు కాదు. అప్పుడు ఇంటర్నెట్‌లో ఒక వెబ్‌సైటు దొరికింది. ఎక్కడెక్కడి వాళ్లో ఏ కంపెనీతోనూ పని లేకుండా ఇంట్లో కంప్యూటరు మీద సంగీతం చేసి అక్కడ పెడతారు. చాలావాటిలో పాట ఉండదు, మాటలుండవు, వట్టి చప్పుళ్లతో చేసిన సంగీతం. ఎవరైనా దింపుకుని వినొచ్చు, స్నేహితులకివ్వొచ్చు. షరతులు రెండే. చేసినవాళ్ల పేరు తీసేయకూడదు, అమ్ముకోకూడదు. నాలాంటివాళ్లు విని, ఏది బాగుందో ఏది బాగోలేదో రివ్యూలు రాస్తాం. “నువ్వు రాయబట్టి విన్నాను” అని ఎవరైనా జవాబిస్తే, ఆ రోజు హాస్టల్ సాంబారు కూడా నోటికి బాగానే తగిలేది.

అక్కడే పరిచయమైంది క్లారా. అర్జెంటీనాలో మందుల షాపులో పని చేస్తుంది. వాళ్లమ్మ ఊరందరి బట్టలూ కుట్టి ఆమెని పెంచింది. ఆవిడకి చూపు మందగించి కుట్టడం మానేసే ముందు, క్లారా ఆ మిషను చప్పుడు రికార్డు చేసి, దాని చుట్టూ ఒక సంగీతం అల్లింది. దాని పేరే ‘అమ్మ కుట్టుమిషను’. మిషను వేగం అందుకోవడం, గుడ్డ తిప్పడానికి ఆగడం, మళ్లీ కదలడం అన్నీ తెలుస్తాయి. విని నేను చాలా ప్రేమగా రాశాను. నా రివ్యూ చదివి చాలామంది విన్నారు.

మా కంపెనీ పనేంటో నీకు తెలుసుగా, సెల్‌ఫోన్లకు రింగ్‌టోన్లు తయారు చేసి అమ్మడం. ఒక రోజు క్యాంటీన్‌లో టీ తాగుతుంటే పక్క టేబుల్ మీద ఫోన్ మోగింది. అదే మిషను చప్పుడు!  పరుగెత్తి మంజుల దగ్గరికి వెళ్లాను. రింగ్‌టోన్లు కత్తిరించేది తనే. ఈ ఊరి అమ్మాయే, నాతో ఉండి ఉండి తెలుగు నేర్చుకుంది.

“ఇది ఎక్కడిది మంజులా?”

“మేనేజరు సార్ ఇచ్చారు. నీ రివ్యూ చూసి దింపించారంట. పేరు తీసేసి మన కంపెనీ పేరు వెయ్యమన్నారు. నీకు తెలుసనుకున్నా.”

దానికి పెట్టిన పేరేంటో తెలుసా? ‘లవ్ ఎక్స్‌ప్రెస్’! ఒక తల్లి కళ్లు పోగొట్టుకుని కుట్టిన చప్పుడు వీళ్లకి రైలు చప్పుడులా వినిపించిందట.

నేను సార్‌ని అడిగేలోపే, ఆ రింగ్‌టోను విన్నవాళ్లెవరో సంగతి వెబ్‌సైటులో పెట్టేశారు. నేను ఆ కంపెనీలోనే పని చేస్తానని తెలిసి నా మీద పడ్డారు. రివ్యూల పేరుతో వెతికిపెట్టి మా కంపెనీకి అందిస్తున్నానట. “ఇండియావాళ్లంతా ఇంతే” అని రాశాడొకడు. వాడికేం తెలుసక్కా మన గురించి? క్లారా మాత్రం ఒక్క ముక్క రాసింది. “నువ్వు కాదు కదా?” ఆ మాటకి ఏడుపొచ్చింది, ఆ వెంటనే ఒళ్లు మండిపోయింది.

సార్ గదిలోకి వెళ్లాను. ఆయన రాజమండ్రి మనిషి, మన భాషలోనే అడిగాను.

“సార్, అది వేరేవాళ్లది. అమ్మకూడదని రాసుంది.”

“ఊరికే ఇచ్చినదానికి దొంగతనం ఏంటమ్మా శైలజా? వాళ్లే గుమ్మంలో పెట్టారు, మనం తెచ్చుకున్నాం.”

“పేరైనా ఉంచాలి కదా సార్?”

ఆయన నవ్వాడక్కా. “ఎవరో ఒకరి పేరుండాలి, అంతేగా నీ బాధ? నీ పేరే వేద్దాం. సంగీతం, శైలజ. మీ ఊళ్లో గొప్పగా చెప్పుకోవచ్చు.”

దొంగిలించింది చాలక నన్ను కూడా అందులో కలుపుకుందామని చూశాడు! అదీ ఏదో వరం ఇస్తున్నట్టు! మన నెమలి ఊరి గుళ్లో ప్రసాదం అందరికీ ఊరికే పెడతారు. దాన్ని తెచ్చి తిరువూరు బస్టాండులో మా ఇంటి మిఠాయి అని అమ్ముకుంటే మనం ఊరుకుంటామా? “నా పేరు నేను చేసినదానికే వేసుకుంటాను సార్” అని చెప్పి బయటికొచ్చాను.

ఆ సాయంత్రమే జరిగింది జరిగినట్టు వెబ్‌సైటులో రాశాను. క్లారా సంగీతం, మా కంపెనీ రింగ్‌టోను పక్కపక్కనే పెట్టి వినండన్నాను. మర్నాడు సార్ పిలిచి, “ఆ రాసింది తీసేస్తావా, వెళ్లిపోతావా?” అన్నారు. వెళ్లిపోతానన్నాను.  

నా మాట ఎవరు నమ్ముతారనుకున్నానుగానీ, మంజుల తన పేరుతోనే రాసింది. “కత్తిరించింది నేను, పేరు తీసెయ్యమన్నది సారు, శైలజకి తెలియదు” అని. తనకీ ఉద్యోగం ముఖ్యమే, అయినా రాసింది. అది చదివి దేశదేశాల వాళ్లు మా కంపెనీకీ, ఆ రింగ్‌టోను అమ్మిపెట్టే ఫోన్ కంపెనీకీ ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు. వారం తిరక్కుండా ‘లవ్ ఎక్స్‌ప్రెస్’ తీసేశారు. క్షమాపణ మాత్రం లేదు. ‘సాంకేతిక కారణాల వల్ల’ అట! నన్ను తిట్టినవాళ్లలో ఒక్కరు తప్పయిందన్నారు. ఇండియా గురించి రాసినవాడు చప్పుడు చెయ్యలేదు.

ఇంకో మాట. మొన్న బావగారు నాకు బుద్ధి చెబుతుంటే వెనక ఎరువుల కొట్లో ఆయనదే ఇంకో ఫోన్ మోగింది. అదే ‘లవ్ ఎక్స్‌ప్రెస్’! మరదలి కంపెనీదని ముచ్చటపడి వేయించుకుని ఉంటారు, ఆయన మీద కోపం లేదు. దయచేసి తీసేయమను. అసలు సంగీతం సీడీలో పంపుతున్నాను. కవరు మీద క్లారా పేరుంది. పిల్లలకు వినిపించు, ఎవరడిగినా కాపీ చేసివ్వు, పేరుతో సహా.

నా గురించి దిగులు పడకు. ఒక కంప్యూటర్ సెంటర్‌లో పాఠాలు చెప్పే పని దొరికింది. వేళకి తింటున్నాను. మంజులని వాళ్లు తీసేయలేదు, ఆ పని తెలిసినవాళ్లు ఇంకెవరూ లేరు మరి. వీలైతే కాస్త గోంగూర పచ్చడి పంపు, తనకీ ఇస్తాను.

క్లారా కొత్తది చేసింది. దాని కింద ‘శైలజ కోసం’ అని రాసింది. నాలుగుసార్లు విన్నాను. మొదటి సగం చాలా బాగుంది, రెండో సగం సాగదీసింది. రివ్యూలో అదే రాశాను. నా కోసం చేసిన స్నేహితురాలికే మొహమాటపడలేదు, ఆ పెద్దమనిషికి సారీ చెబుతానా?

మీ అత్తగారికి, మామగారికి నా నమస్కారాలు. పిల్లలకు ముద్దులు. నేను చేసింది సరైనదేనని నీకనిపిస్తే ఒక్క ముక్క రాయి, అదే నాకు దీవెన.

నీ చెల్లెలు
శైలు