నేను దీక్షలో లేను

విశాఖపట్నం
శుక్రవారం

ప్రియమైన అమ్మా,

నేను దీక్షలో లేను. ముందు ఈ మాట రాసేసి, మిగతా కబుర్లు తర్వాత.

రైలెక్కుతుంటే చలమయ్య మావయ్య ఫోన్ చేశాడు. "దీక్ష ఎప్పుడు విరమిస్తున్నావమ్మా? ఎలాగూ వైజాగ్ వెళ్తున్నావుగా, సింహాచలంలోనే కానిచ్చెయ్" అన్నాడు. ఏ దీక్ష? ఆరా తీస్తే తేలింది. మా సత్య పాలు, పెరుగు, గుడ్డు, మాంసం ముట్టకపోవడం దీక్ష వల్లేనని కంకిపాడులో సగం ఊరికి నువ్వే చెప్పావట. రెండున్నరేళ్ళ దీక్ష ఏ దేవుడికైనా ఉంటుందా? పది గేదెలున్న ఇంటి పిల్ల పాలు మానేసిందంటే నీకు నామోషీ, అంతేగా. ఆలోచించుకుని చేసిన పనిని మొక్కుబడి చేసేశావు. ఫోన్లో అడిగితే రెండో మాటకే ఇద్దరం అరుచుకుంటాం. అందుకే ఉత్తరం.

సరే, కోపం అయిపోయింది. ఇప్పుడు ఊరు!

దువ్వాడ దాటగానే నీ మనవరాలు రత్నం కిటికీకి అతుక్కుపోయింది. మీ అమ్మ పేరు పెట్టినందుకో ఏమో, దానికి అచ్చం ఆవిడ కళ్ళే, ఏదీ వదలవు. పోర్టు క్రేన్లు చూసి "జిరాఫీ! జిరాఫీ!" అని బోగీ మొత్తం వినేలా అరిచింది. నిజమేనే, మెడలు వంచి ఓడల్లోంచి మేత మేస్తున్నట్టే ఉన్నాయి. హాస్టల్లో నా రూమ్మేట్ రజియా గుర్తుందిగా, పాత ఊళ్ళో వాళ్ళింట్లోనే ఉంటున్నాం. మేడెక్కితే ఓడలు కనిపిస్తాయి. వాళ్ళ నాన్న జలీల్ బాబాయికి పూర్ణా మార్కెట్‌లో జీడిపప్పు, ఎండుకొబ్బరి కొట్టు. వెళ్ళిన మొదటి రోజే రత్నం జీడిపప్పు బస్తా మీద కూర్చుని దుకాణం తనదే అన్నట్టు చూసింది.

మార్కెట్‌లో ఒకామె పనసకాయని కత్తితో టకటకా కొడుతుంటే పొట్టు వర్షంలా రాలింది. కత్తిని చూడకుండా, పక్కామెతో దెబ్బలాడుతూ కొడుతోందే! ఆవపెట్టి వండిన ఆ కూరలో రత్నం నా వాటా కూడా లాగేసింది. సముద్రం ఒడ్డున జలాంతర్గామిని నిలబెట్టారుగా, దాని కడుపులోకి వెళ్ళొచ్చాం. పొద్దున్నే వీధి చివర తవిటమ్మ బండి దగ్గర చోడి అంబలి. మీ రాగిజావే, ఇక్కడ ఆ పేరు. మజ్జిగ కలపకుండా ఇవ్వడానికి ఆవిడని ఎలా ఒప్పించానో తర్వాత చెబుతాను.

మధురవాడ ఆఫీసులో మూడు వారాల శిక్షణ. చివరి రోజున ఉద్యోగానికి సంతకం పెట్టాలి, లేదా వదులుకోవాలి. నీ అల్లుడు నరేష్ హైదరాబాద్‌లో ఇల్లు ఖాళీ చేయాలా వద్దా అని నా మాట కోసం చూస్తున్నాడు. రత్నాన్ని ఏడాది నీ దగ్గర వదలమని నువ్వన్న సంగతి మర్చిపోలేదు. ఇంకా తేల్చుకోలేదు.

నీ
సత్య

*

కంకిపాడు
బుధవారం

సత్యా, నా తల్లీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. చదివేలోపు టీ చల్లారింది. నల్ల టీ చల్లారితే కషాయమే.

నన్నేం చెప్పమంటావు? నువ్వు చెప్పిన 'వీగన్' అనే మాట చలమయ్యతో అంటే, "అదేం మతం అక్కా, వెనక్కి వచ్చే దారుందా?" అన్నాడు. పోయిన పండక్కి మీ పెద్దమ్మ నెయ్యి గిన్నె పట్టుకుని నీ వెంట ఇల్లంతా తిరిగింది, మర్చిపోయావా? దీక్ష అన్నానంటే అందరూ గిన్నెలు దించేశారు. దేవుడి మాటంటే ఆగుతారు, ఆడపిల్ల మాటంటే ఆగరు. నీ పరువు తీశానో, నీ ప్రాణానికి సుఖం చేశానో నువ్వే చూసుకో.

నా బాధ నువ్వు కాదు, రత్నం. ఇంకా రెండేళ్ళు నిండని పిల్ల. బరువు తూయించావా? నువ్వు పొద్దున పోతే చీకటి పడ్డాక గానీ రావు. ఎవరింట్లోనో ఏం తింటుంది? నా దగ్గరుంటే చుట్టూ పాలే. ఏడాది ఉంచు. నువ్వు కుదురుకో.

చుక్క గేదె ఆదివారం ఈనింది. దూడ దక్కలేదు. అది పాలు చేపడం లేదు, పొదుగు పట్టుకుంటే తంతోంది.

జీడిపప్పు ఎక్కువ పెట్టకు, అరగదు.

దీవెనలతో
మీ అమ్మ ధనలక్ష్మి

*

విశాఖపట్నం
సోమవారం

ప్రియమైన అమ్మా,

ముందు తూకం. పిల్లల డాక్టర్‌కి చూపించాను. పదకొండు కిలోల రెండు వందలు, వయసుకి సరిపోయిందన్నారు. రోజూ వేయాల్సిన బి12 చుక్కలు రాశారు, మూడు నెలలకోసారి రక్తపరీక్ష చేయించమన్నారు. ఏం పెడుతున్నానో అంతా అడిగి, కాగితం మీద రాసుకుని, రెండు చోట్ల దిద్దారు. దిద్దినట్టే పెడుతున్నాను.

ఇప్పుడు నవ్వకుండా చదువు. తవిటమ్మని ఎలా ఒప్పించానో చెబుతానన్నానుగా.

"మజ్జిగెయ్యొద్దా? ఏటమ్మా, మజ్జిగ లేని అంబలి అంబలేటి? దీక్షలో ఉన్నావేటి?" అంది. వెనక పదిమంది గ్లాసులు పట్టుకుని నిలబడ్డారు, చంకలో రత్నం జుట్టు పీకుతోంది. నేను తలూపాను. అవునమ్మా, తలూపాను! వెంటనే ఆవిడ గొంతే మారిపోయింది. "అలగైతే ఉప్పేసి ఇత్తాను తల్లీ. నాను నలుగుర్ని సోడి అంబలి మీదే పెంచాను. పెద్దోడు పోర్టులో కిరేను నడుపుతన్నాడు, సూడు" అంది. జిరాఫీని నడిపేవాడి అమ్మని రత్నం నోరు తెరిచి చూసింది.

అక్కడితో ఆగితే బాగుండేది. రజియా వాళ్ళ అమ్మీకి ఎవరో ఆ మాట చేరవేశారు. "మన్నత్ ఉందా బేటీ? ఎన్నాళ్ళు?" అంది. రజియా పక్కనే ఉండి పెదవి కొరుక్కుంటోంది గానీ నిజం చెప్పదే! "ఇంకో రెండు వారాలు" అన్నాను. జలీల్ బాబాయి, "మొక్కున్నోళ్ళని ఎవలూ బలవంతం సెయ్యకండి" అని ఇంటికంతటికీ ఆజ్ఞ వేశాడు. నాకు వేరే గిన్నె, వేరే గరిటె. హాయిగా గడిచిపోయింది.

నిన్నటికి రెండు వారాలు. ఆఫీసు లేదని తీరిగ్గా స్నానం చేసి వచ్చేసరికి ఇల్లంతా యాలకుల వాసన. నా మొక్కు తీరుతోందని అమ్మీ చిక్కటి పాలతో పెద్ద దబరా నిండా ఖీర్ కాచింది. కింది వాటా వాళ్ళని, ఎదురింటి వాళ్ళని పిలిచింది. మొక్కు తీరినవాళ్ళు ముద్ద ముట్టుకుంటే గానీ మిగతావాళ్ళు తినరట. పదకొండు మంది నా చెంచా కోసం చూస్తున్నారు. ఈలోపు రత్నం దబరా పక్కన చతికిలబడి, రెండు చేతులూ మణికట్ల దాకా ముంచి జుర్రేసింది.

అందరూ చప్పట్లు. "బిడ్డ తీర్సేసింది మొక్కు!" అన్నారు ఎవరో.

అప్పుడు చెప్పేశాను. మొక్కు లేదు అమ్మీ, రెండు వారాలు అబద్ధం ఆడాను, పాలు నేను ఎప్పటికీ తాగను, పిల్లకీ పట్టను అని. అమ్మీ నన్ను కిందికీ పైకీ చూసింది.

"అరె, ఈ ముక్క ముందే సెప్పొచ్చు కదే! కొబ్బరిపాలతో సేద్దును. పెళ్ళిళ్ళకి వందమందికి కొబ్బరన్నం వండిన సేతులివి. ఇప్పుడీ దబరా ఎవలు తాగుతారు, నీ మొగుడా?"

ఇల్లంతా పగలబడి నవ్వింది. నేను ఏడ్చాను.

నిన్ను తప్పుపట్టిన పనే నేనూ చేశాను. నువ్వు నా గురించి అబద్ధం చెప్పావని తిట్టి, అదే అబద్ధం మీద రెండు వారాలు హాయిగా భోంచేశాను. కాబట్టి నీకూ నిజం చెబుతాను.

చుక్క చేపడం లేదని రాశావు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఒక గేదె అలాగే చేపలేదు. చచ్చిన దూడ తోలు వొలిపించి, లోపల గడ్డి కూరి, నాలుగు కర్రల మీద దాని ముందు నిలబెట్టారు. అది ఆ గడ్డి దూడని నాకుతూనే ఉంది, నువ్వు పాలు పితుకుతూనే ఉన్నావు. తడిక వెనక నుంచి చూశాను. గరుకు నాలుక చప్పుడు ఇప్పటికీ వినిపిస్తుంది. ఆ పాలే ఆ సాయంత్రం గ్లాసులో పోసి ఇచ్చావు. తాగాను. చాలా ఏళ్ళు తాగాను. మానేయడానికి ఇంత కాలం పట్టిందే అని సిగ్గు తప్ప, నీ పని మీద నాకు నామోషీ లేదు. ఆ పనితోనే నన్ను చదివించావు.

చుక్క ముందు గడ్డి దూడని పెట్టావా?

ప్రేమతో
సత్య

*

కంకిపాడు
శుక్రవారం

సత్యా,

పెట్టలేదు. ఆ పని చేసే మనిషి గుమ్మం దాకా వచ్చాడు, టీ ఇచ్చి పంపేశాను. వట్టిపోతే పోతుందన్నాను. దూడని దొడ్డి వెనక పూడ్చిపెట్టాం.

తడిక కింద నుంచి నీ పాదాలు నాకు కనిపించాయే. ఒక కాలికి పట్టీ లేదు. అప్పుడు పితకడం ఆపలేదు. ఏడు ఇళ్ళకి పాలు చేరాలి. తర్వాత ఇంట్లోకి వచ్చి టీ పెట్టుకుని, పాలు పోయబోతే చెయ్యి రాలేదు. ఆ రోజు నుంచి నా టీ నల్లగానే ఉంది. పెరుగు కూడా వేసుకోను. పద్దెనిమిదేళ్ళయింది. ఎవరూ అడగలేదు. అందరికీ వడ్డించే మనిషి కంచంలోకి ఎవరు చూస్తారు? నువ్వూ చూడలేదు.

నీది దీక్ష అని చెప్పింది నామోషీతో కాదు. నాకు ఆ మాట అప్పట్లో తోచి ఉంటే నేనూ చెప్పుకునేదాన్ని.

అయినా ఒకటి విను. నేను మానేశాను గానీ నీ చేతిలో గ్లాసు లాక్కోలేదు. నా బాధ నాది, నీ పాలు నీవి అనుకున్నాను. రత్నానికి నువ్వు ఆ పాటి చెయ్యలేవా? రెండు చేతులూ ముంచి తాగిందని నువ్వే రాశావు. దాని మనసు అది చెప్పిందిగా. తీసుకొచ్చి ఏడాది వదిలిపెట్టు. అమ్మగా అడుగుతున్నాను.

అమ్మ

*

విశాఖపట్నం
మంగళవారం

ప్రియమైన అమ్మా,

నీ ఉత్తరం ఆఫీసు బస్సులో చదివాను. దిగాల్సిన చోటు దాటిపోయి, రెండు స్టాపులు వెనక్కి నడిచాను. ఎవరి చెప్పు ఎక్కడ అరిగిందో కూడా చెప్పగలనని గొప్పలు పోయేదాన్ని. అన్నేళ్ళు నీ పక్కన కూర్చుని నీ గ్లాసు చూడలేదు.

ఆ తర్వాత అమ్మీ కొబ్బరిపాలతో మళ్ళీ ఖీర్ కాచింది. రత్నం దానిలోనూ రెండు చేతులూ ముంచింది. మొన్న బురదలో కూడా అలాగే ముంచింది. అది మనసు చెప్పడం కాదమ్మా, దానికి చేతులున్నాయి అంతే.

ఈ పొద్దున సంతకం పెట్టాను. ఇల్లు కూడా తీసుకున్నాను, మధురవాడలో రెండో అంతస్తు, రెండు గదులు. వంటింటి కిటికీలోంచి కొండ, మేడెక్కితే నీలంగా సన్నటి గీత, సముద్రం! ఆఫీసుకి నడిచి వెళ్ళొచ్చు, మధ్యాహ్నం ఇంటికి వచ్చి పిల్లకి అన్నం పెట్టొచ్చు. నరేష్ శనివారం సామానుతో వస్తున్నాడు. వంటింట్లో ఒక డబ్బా నిండా టీ పొడి పోసి ఉంచాను, నీకోసం. నువ్వు వచ్చి ఇక్కడ అందరి ముందూ నల్ల టీ తాగు. ఎవరైనా ఎందుకని అడిగితే, దీక్ష అనకు.

నువ్వు నీ బాధ నీ దగ్గరే దాచుకుని నాకు పాలు పోశావు. నేను అలా చెయ్యను. నేను పెట్టలేనిది పిల్లకి ఇంకొకరి చేత పెట్టించను. పెద్దయ్యాక దాని గ్లాసు సంగతి అది చూసుకుంటుంది.

రత్నాన్ని పంపడం లేదు.

సత్య