మాటలు లేని నాట్ల పాట

నవంబరు 9, ఆదివారం

అబ్బాయి దగ్గు కాస్త నయం. కోడలి నడుము నొప్పి ఎలా ఉందో, అడిగితే విసుక్కుంటుంది. మనవరాలు స్నేహ గ్రేటర్ నోయిడా హాస్టల్లో సరిగా తింటోందో లేదో, ఇవాళ వస్తే చూశాను, చిక్కిపోయింది.

"నానమ్మా, మీ అమ్మ పాడే నాట్ల పాట పాడు నా, కాలేజీలో వినిపిస్తా" అని ఫోను నా నోటి దగ్గర పెట్టింది. నేను రాగం తీశాను. "అచ్ఛా, మాటలేవి?" అంది.

మాటలు నాకు తెలియవు. మావాళ్లు కిరస్తానంలో కలిశాక, పాటలో పోలేరమ్మ పేరుందని మిషను దొరసాని పాడొద్దంది. అప్పటినుంచి అమ్మ పెదవులు మూసుకుని గొంతులోనే పాడుకుంటూ నాటేది. తెల్లవాళ్లు వెళ్లిపోయాక పుట్టిన నాకు ఆ కూనిరాగమే మిగిలింది.

రేపల్లెలో అక్కకు మాటలు వచ్చు. ఫోన్లో పాడమంటే, "పక్కన కోడలుందే, పాస్టరుగారి కూతురు. నువ్వొస్తే చెవిలో చెబుతా" అని గుసగుసలాడింది. ఎనభై ఏడేళ్ల మనిషికి ఇంకా దొరసాని భయమే.

స్నేహ వెళ్లిపోయాక గదిలో ఒక్కదాన్నే ఆ రాగం తీస్తుంటే ఏడుపొచ్చింది. అక్క నిన్న మాత్ర వేసుకున్న సంగతి మర్చిపోయి మళ్లీ వేసుకుందట. నేను వెళ్లేసరికి పాట గుర్తుంటుందో, ఉండదో. ఒంటరిగా రైలెక్కాలంటే నాకు గుండెదడ. అయినా అబ్బాయి చేత టికెట్టు తీయించాను. అక్క దగ్గరికి చేరేది ఈ నెల ఇరవై రెండు, శనివారం.