గీత దాటాక

యాదగిరీ,

నువ్వు పోయి నేటికి ఏడాది. పొద్దున మదీనాగూడ దగ్గర, బొంబాయి రోడ్డు మీద మళ్లీ సైకిల్ పందెం పెట్టారు. ఎప్పటిలాగే నిమిషానికొకరిని వదిలారు. నీ వంతు నిమిషంలో ఎవరినీ వదల్లేదు. అందరం ఖాళీ రోడ్డును చూస్తూ నిలబడ్డాం.

పోయినేడు బరువు తగ్గుతుందని నీ సైకిలుకు బెల్లు, మడ్‌గార్డులు, చివరికి బ్రేకులు కూడా విప్పింది నేనే. "బ్రేకులెందుకు రా, నడిమిట్ల ఆగేదుందా?" అన్నాను. అందరికంటే తక్కువ టైములో గీత దాటావు. దాటాక ఎడ్లబండి అడ్డమొచ్చింది.

ఇవాళ పందెంలో దిగిన నర్సింహ కూడా తన సైకిలు బ్రేకులు విప్పబోతే చెయ్యి పట్టుకున్నాను.

"ఇడువు భయ్, గిట్లైతే ఓడిపోత!" అని తిట్టాడు. నేను వదల్లేదు.

నీ టైము కంటే పదకొండు సెకన్లు ముందే గీత దాటాడు. దాటి, బ్రేకులు పట్టి ఆగాడు.