చప్పుడు లేని పంపు

ఫోను ఎత్తని మా నాన్నకు,

పిట్ట రాస్తున్నది. ఈ నెలలో నీకు పదకొండుసార్లు ఫోను చేశాను. ఒక్కసారి ఎత్తావు. పంపు మార్చడానికి ఎప్పుడొస్తావని నేనడిగితే, "ఆ, ఆ, అంతా బాగే, ఉంటానమ్మా" అని పెట్టేశావు. అందుకే కాగితం మీద గొడవపడుతున్నాను. కాగితాన్నయితే మధ్యలో పెట్టేయలేవుగా.

పళ్ళ డాక్టరు క్లినిక్ మూసేస్తూ ఆ అక్వేరియం మాకిచ్చి పుణ్యం కట్టుకున్నాడో, పగ తీర్చుకున్నాడో నాకింకా తేలలేదు. పైన చేపల తొట్టి, కింద బల్లలో నీళ్ళు వడకట్టే తొట్టి. కిందికి దిగిన నీళ్ళని మళ్ళీ పైకి తోసే పంపు పాడైందని నిన్ను పిలిచాను. పిలవడం నా ఖర్మ.

పంపుల కొట్టతను బకెట్లో రెండు పంపులు వేసి ఆడించి చూపించాడు గుర్తుందా? చిన్నది ఆడుతోందో లేదో నేను వంగి చూడాల్సి వచ్చింది. పెద్దది మిక్సీలా అందుకుంది. నువ్వు రెండింటి దగ్గరా చెవి పెట్టి, పరీక్ష దిద్దే మాస్టారిలా తల ఊపి, "రెండూ ఒకటే. దీనికైతే దమ్ముంది" అని పెద్దదాన్నే పట్టుకున్నావు. నీ వెనక నేను "నాన్నా, చప్పుడు, చప్పుడు" అంటూనే ఉన్నాను. కొట్టతను కూడా "ఇది హాల్లో పెట్టుకునేది కాదు సార్" అన్నాడు. వింటేగా! పేపరు మిల్లు పంపుహౌసులో ముప్ఫై నాలుగేళ్ళుగా చేస్తున్న మనిషికి మేం చెప్పేపాటి వాళ్ళమా?

ఇప్పుడు మా హాలు నీ పంపుహౌసులాగే ఉంది. నేను పని చేసుకునేది ఆ హాల్లోనే. డాక్టర్లు గొణుక్కుంటూ రికార్డు చేసిన మాటలు హెడ్‌ఫోన్లో విని టైపు చేసి బతికేదాన్ని. పోయినవారం రెండు ఫైళ్ళు తిరిగొచ్చాయి. "మీ ఇంట్లో పని చేసే వాతావరణం లేకపోతే ఆఫీసుకొచ్చి చెయ్యండి" అని మా సూపర్‌వైజరు మర్యాదగా వాత పెట్టాడు. నీ అల్లుడు నోరున్నవాడు కాదు కాబట్టి ఏమీ అనడు. పేపరు పట్టుకుని వంటింట్లో కూర్చుంటున్నాడు.

ఇంకొకటి. ఆ రోజు నువ్వు బల్లలో తల దూర్చి పైపు బిగిస్తుంటే నీ వెనక నిలబడి ఒక సంగతి చెప్పాను. దానికి మూడు వారాలు ధైర్యం కూడగట్టుకున్నాను. నువ్వు తల కూడా తిప్పకుండా చెయ్యి చాపి, "ఆ స్పానరు ఇలా ఇవ్వు" అన్నావు. ఇచ్చాను. మా ఇద్దరికీ ఇంతకన్నా పెద్ద సంగతి లేదు నాన్నా. నెలాఖరులోగా సంతకాలు పెట్టాలి. నీ మాట కోసం చూస్తున్నాం.

నీ పిట్ట

*

పిట్టకు ఆశీస్సులు.

ఉత్తరం అందింది. పంపు మంచిదే. దాని కింద ఆరు మిల్లీమీటర్ల రబ్బరు షీటు ముక్క వెయ్యి. సరిపోతుంది. నా ఆరోగ్యం బాగానే ఉంది. ఫోను చెయ్యకు, డ్యూటీలో ఇబ్బంది. అల్లుడిని అడిగినట్టు చెప్పు.

నాన్న

*

నాన్నా,

ఆరు మిల్లీమీటర్ల రబ్బరు షీటు వేశాను. ఇప్పుడు నీ పంపు రబ్బరు మీద కూర్చుని అరుస్తోంది.

నేను రెండు సంగతులు రాస్తే ఒకదానికే జవాబిచ్చావు, అదీ తప్పు జవాబు. రెండో దాని ఊసే లేదు. నీ చీటీ చదివి నవ్వాలో ఏడవాలో తెలియక చింపబోయాను. నీ అల్లుడు లాక్కుని డ్రాయరులో పెట్టాడు. సరే, మొహమాటం లేకుండా మళ్ళీ రాస్తాను. మందులు, ఇంజెక్షన్లు, ఆశపడటాలు ఇక చాలనుకున్నాం. పిల్లల హోములో నాలుగేళ్ళ పాప ఉంది. తనని దత్తత తీసుకుంటున్నాం. ఆ రోజు నీ వెనక నిలబడి చెప్పింది ఇదే. నువ్వు స్పానరు అడిగింది ఈ మాటకే.

పోయిన శనివారం హోము మేడమ్ పాపని గంటసేపు మా ఇంటికి తీసుకొచ్చింది. పాప తిన్నగా అక్వేరియం దగ్గరికెళ్ళింది. ముక్కు గాజుకి ఆనించి చేపలు లెక్కపెట్టింది. ఐదున్నాయని నేనంటే, రాయి వెనక ఇంకొకటి దాక్కుందని నన్నే దిద్దింది. నాకైతే అప్పుడే సంతకాలు పెట్టేయాలనిపించింది. అంతలో రెండు చేతులతో చెవులు మూసుకుంది. "ఇది ఎప్పుడు ఆగుతుంది?" అని అడిగింది. పరుగెత్తి ప్లగ్గు పీకేశాను. కానీ పాప చేతులు దించలేదు. వెళ్ళిపోదామని మేడమ్ చీర కొంగు పట్టుకుంది.

వెళ్తూ వెళ్తూ మేడమ్ అడిగింది, "మీ పెద్దవాళ్ళు ఏమంటున్నారమ్మా? వాళ్ళకి ఇష్టమేనా?" అని. నీ అల్లుడు నా వంక చూశాడు. నేను చేపల వంక చూశాను. మా నాన్న స్పానరు అడిగాడండీ అని చెప్పమంటావా?

నీకు ఇష్టం లేకపోతే లేదని రాయి. ఏడుస్తాను, తిడతాను, పాపని మాత్రం తెచ్చుకుంటాను. కానీ నా బతుకులో ఇంత పెద్ద మాట నువ్వు పెడచెవిన పెట్టడం నేను ఓర్చుకోలేను. అమ్మ ఉంటే నీతో మాట్లాడించేది. అమ్మ పోయాక మన మధ్య మాటలు కూడా పోయాయి. ఇక నేను ఫోను చెయ్యను. ఉత్తరమూ ఇదే ఆఖరు.

పిట్ట

*

తల్లీ, పిట్టా,

నువ్వు ఆ రోజు చెప్పింది నేను పెడచెవిన పెట్టలేదు. నాకు వినపడలేదు. నాకు వినపడదమ్మా.

రాసేశాను. ఈ ఒక్క ముక్క రాయడానికి నాలుగు కాగితాలు పాడుచేశాను. ఎడమ చెవి ఆరేళ్ళ కిందటే పోయింది. కుడి చెవి మూడేళ్ళుగా దాని దారిన అదీ పోతోంది. మీ అమ్మకు తెలుసు. నువ్వు ఫోను చేస్తే అమ్మే ఎత్తేది. నువ్వన్నదంతా నా ఎదురుగా నిలబడి మళ్ళీ చెప్పేది. తర్వాత నేను ఫోను తీసుకుని నాలుగు ముక్కలు మాట్లాడి పెట్టేసేవాణ్ణి. ఎదురుగా ఉంటే పెదాలు చూసి నెట్టుకొస్తాను. ఎవరూ కనిపెట్టలేదు. నువ్వు కూడా. అమ్మ పోయాక ఫోను మోగిందని తెలిసేది దాని లైటు చూసే.

మిల్లులో తెలిస్తే పంపుహౌసులోంచి తీసేస్తారని దాచాను. అక్కడ చెవితో పని చెయ్యను, అరచేత్తో చేస్తాను. మోటారు మీద చెయ్యి పెడితే ఏ బేరింగు అరిగిందో చెప్పేస్తాను. అంతా అనుభవం అనుకున్నారు. నేనూ అనుకోనిచ్చాను. కొట్టులో బకెట్టు దగ్గర చెవి పెట్టింది కూడా నటనే. రెండూ ఒకటే అన్నానే, ఆ రోజు నేను చెప్పిన నిజం అదొక్కటే. నీ మొదటి ఉత్తరంలో "ఒక సంగతి చెప్పాను" అని చదివాను. ఏం చెప్పావో తెలియదు. ఏమిటమ్మా అని అడగడానికి సిగ్గేసి, రబ్బరు షీటు సంగతి రాసి తప్పించుకున్నాను. తప్పు చేశాను.

సోమవారం ఇంజనీరు గదికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన మాట మాట విడదీసి, "ఇన్నాళ్ళూ మాకెందుకు చెప్పలేదు? అలారం మోగితే ఏమయ్యేది?" అన్నాడు. రిటైరయ్యే దాకా స్టోర్సులో కూర్చోమన్నాడు. పంపుహౌసు తాళాలు ఆయన బల్ల మీద పెట్టి వచ్చాను. లేదనను, ఏడుపొచ్చింది. చెవి డాక్టరు దగ్గరికీ వెళ్ళాను. పది రోజుల్లో మిషను వస్తుందట. పోయిందంతా తిరిగి రాదు, కొంత వస్తుంది అన్నాడు.

ఇప్పుడు నీ పంపు సంగతి. నీళ్ళు ఎక్కాల్సింది నాలుగున్నర అడుగులు. దానికి కొట్టతను చూపించిన చిన్నదే చాలు. నేను పెద్దదాన్ని తెచ్చి, నీళ్ళు పొర్లకుండా వాల్వు సగం మూసి నొక్కిపెట్టాను. అది గొణగక ఏం చేస్తుంది? పైగా గట్టి పైపు బల్ల చెక్కకు ఆనుకుంది. చెక్క తబలా అయిపోయింది. అక్కడ రెండు జానల మెత్తని గొట్టం వెయ్యాలి. ఈ ఆదివారం వస్తున్నాను. ముందు కొట్టుకెళ్దాం. నువ్వు విని చెప్పు, నేను చెయ్యి పెట్టి చెబుతాను. ఇద్దరం కలిస్తే ఒక పూర్తి మెకానిక్కు అవుతాం.

ఆ మేడమ్‌తో చెప్పు, తాతకు ఇష్టమని. ఇష్టం అనే మాట చాలదు, ఇంకా పెద్ద మాట ఏదైనా ఉంటే అది చెప్పు. నువ్వు చూడని చేపని చూసింది, అందరికన్నా ముందు చెవులు మూసుకుంది. మంచి కళ్ళు, మంచి చెవులు. మనింట్లో కరువైంది అవే. ఒక్కటి మాత్రం ఇప్పుడే నేర్పించు. తాతతో మాట్లాడాలంటే వెనక నిలబడకూడదు, ఎదురుగా రావాలి.

నువ్వు కూడా. ఆదివారం నేను రాగానే ఆ సంగతి మళ్ళీ ఒకసారి నా ఎదురుగా నిలబడి చెప్పు. కాగితం మీద చదివానులే, కానీ నీ పెదాల మీద చూడాలని ఉంది. అది అయ్యాకే పంపు.

స్పానరు నేనే తెచ్చుకుంటాను.

నాన్న