బావ తాగిన కొబ్బరినీళ్లు

కవిటి,
18-5-2005.

చిరంజీవి సౌభాగ్యవతి చెల్లి గౌరీశ్వరికి పెద్దన్నయ్య ఆశీస్సులు. ఇక్కడ మేమంతా కులాసా. ఆసుపత్రిలో డయాలసిస్ అయ్యాక బావ మనుషుల్ని గుర్తుపడుతున్నాడని మీ అమ్మాయి కళ్యాణి వచ్చి చెప్పింది. ఆ మాట విన్నాకే రెండు ముద్దలు తిన్నాను. మీ ఆవు ఈనింది, పెయ్యదూడ.

కళ్యాణి చేత పంపిన ఉత్తరంలో, "ఒంట్లో పొటాషియం ఇంతలా ఎందుకు పెరిగిందని డాక్టరుగారు అడుగుతున్నారు, నేను పెట్టిన ఎండుచేప వల్లేనా అన్నయ్యా" అని రాశావు. కాదమ్మా.

నా ఇంగ్లీషు జీడిపప్పు డబ్బాల మీది రాతలు చదివి నేర్చుకున్నదని నీకు తెలుసు. ఆ డబ్బాల పుణ్యాన నాకు సగం దేశాల పేర్లు వచ్చు, గ్రామరు మాత్రం రాదు. పలాసలో ఇంటర్నెట్ సెంటర్ పెట్టాక వారానికోసారి వెళ్లి పెద్ద వైద్యుడిలా కూర్చునేవాణ్ణి. బావ జబ్బు పేరు కొడితే సెర్చ్ ఇంజన్ లక్షల పేజీలు చూపించింది. అన్నిటికంటే పైన ఉన్న పేజీలో ఎవరో, కొబ్బరినీళ్లు కిడ్నీలను కడిగేస్తాయని రంగురంగుల అక్షరాలతో రాశాడు. కొబ్బరితోటల్లో పుట్టినవాడికి అంతకంటే తీపి కబురేముంటుంది? రోజుకు నాలుగు బొండాలు నేనే తెచ్చి బావకిచ్చాను. కనబడినవారికల్లా చెప్పాను.

నర్సింగు చదివే పిల్ల కదా, కళ్యాణికి అనుమానం వచ్చింది. "అది సంత మావయ్యా, గట్టిగా అరిసినోడే ముందు కనబడతాడు. డాక్టర్లు రాసిన పరిశోధనలే దాసిన సైటు వేరే ఉంది, అందులో సూడు" అని చీటీ రాసిచ్చి హాస్టలుకు వెళ్లిపోయింది. చూశాను. రంగుల్లేవు, బొమ్మల్లేవు. డిక్షనరీ పక్కన పెట్టుకుంటే ఒక్క పేరాకు గంట పట్టింది. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, కిడ్నీలు చెడినవారికి అది గుండె మీదికి వస్తుందని ఉంది.

ఇక అసలు మాట. అది చదివింది బావ పడిపోవడానికి ఎనిమిది రోజుల ముందు. చెప్పలేదు. ఊరంతా చాటినవాణ్ణి, తప్పని ఏ ముఖంతో చెప్పను? చెట్టెక్కే మనిషి దొరకడం లేదని అబద్ధమాడి బొండాలు తేవడం మానేశాను. అంతటితో సరిపోయిందనుకున్నాను. నాలుగోనాడు మీ ఇంటికొస్తే అరుగు మీద బొండాల గెల ఉంది. బావే చెట్టెక్కే కొండబాబు చేత దింపించుకున్నాడట.

"నువ్వు సదివి సెప్పినావు కదా బావా, ఒక్క పూటా మానను" అన్నాడు.

నా ఎదుటే తాగాడు. నేను జీడి ధర గురించి మాట్లాడుతూ కూర్చున్నాను.

ఈ ఉదయం నుంచి ఇంటింటికీ వెళ్లి వద్దని చెబుతున్నాను. "అప్పుడూ నువ్వే సెప్పినావు, ఇప్పుడూ నువ్వే సెప్తన్నావు. ఏది నమ్మమంతావు?" అంది పక్కింటి జోగమ్మ. తరువాతి ఇంటికి నడిచాను.

ఈ ఉత్తరం ముందు డాక్టరుగారికి వినిపించు, తరువాత బావకు. నేను ఎదురుగా ఉంటే నా పరువు కోసం నవ్వేసి ఊరుకుంటాడు, అందుకే రాలేదు. అది సగం నిజం. నీ ముఖం చూడలేక రాలేదు. రమ్మంటే వస్తాను. రమ్మనకపోయినా, తప్పు నీ చేతిది కాదు కనుక అన్నం తిను.

ఇట్లు,
నీ పెద్దన్నయ్య,
కూర్మారావు.